ఏమని పిలవాలె

మొన్న సాయంత్రం మా మనవరాలు బడి నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా వంటింటి గడపలో నిలబడి అడిగింది.

"అమ్మమ్మా, చమార్ అంటే ఏంది?"

పొయ్యి మీద పోపు ఉంది. జీలకర్ర చిటపటలాడి, ఎర్రబడి, నల్లబడి, మాడిపోయింది. నేను గరిటె పట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

"ఎవరన్నరే?"

"మా బెంచిల నా పక్కన కూసుంటడు సూడు, వాడే. నా డబ్బాలున్న నూనె వాని పుస్తకం మీద వడ్డది. 'చమార్ కహీఁ కీ' అన్నడు. తిట్టేనా అది?"

ఆ పిల్లవాడు నాకు తెలుసు. యాప్రాల్‌లో వీళ్ళ బడి నిండా మిలిట్రీ వాళ్ళ పిల్లలే. వాడి తండ్రి సిపాయి, ఎక్కడో ఈశాన్య రాష్ట్రాల కొండల నుంచి బదిలీ మీద వచ్చినవాడు. ఒకసారి మా ఇంటికి వచ్చి పచ్చిపులుసు తాగి, కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే ఇంకా పొయ్యమన్నాడు. చెడ్డ పిల్లవాడు కాదు. పెద్దవాళ్ళ నోట విన్న మాటను పిల్లలు ఎట్లా ఏరుకుంటారో అట్లా ఏరుకుని ఉంటాడు.

ఆ మాట హిందీది. దాని తెలుగు నాకు పుట్టుకతో తెలుసు. మాదిగ. తోలుపని చేసే కులం. మా కులం. ఈ సంగతి మా మనవరాలికి తెలియదు. "ఇప్పటి నుంచే దాని తలకాయల గవన్ని వెట్టకమ్మా, మనం క్రిస్టియన్సుమని తెలుసు, సాలు" అని నా బిడ్డ గట్టిగా చెప్పి పెట్టింది.

"ముందుగాల్ల కాళ్ళు కడుక్కపో. చెప్త," అన్నాను. మాడిన పోపు పారబోసి, పొయ్యి ఆపి, బాల్కనీలోకి వచ్చి కూర్చున్నాను.

ఈ తూంకుంటలో గాలి ఎటు తిరిగిందో ముక్కే చెబుతుంది. జవహర్‌నగర్ వైపు నుంచి తిరిగితే చెత్తకుప్పల కంపు వస్తుంది, అపార్టుమెంటు కిటికీలన్నీ టపటపా మూసుకుంటాయి. మా వెంచరుకు ఇంగ్లీషులో ద్రాక్షతోట అని పేరు పెట్టారు. ఇక్కడ నిజంగానే ద్రాక్షతోట ఉండేదని పెట్టినవాళ్ళకు తెలుసో లేదో. నా చిన్నప్పుడు శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ఎటు చూసినా ద్రాక్ష పందిళ్ళే. వరసగా రాతి కడీలు పాతి, వాటి మీద ఇనుప తీగలు లాగి తీగెలు పాకించేవారు. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా పందిరి కింద చల్లగా, పచ్చగా, మసకగా ఉండేది. చలి తగ్గి ఎండలు ముదిరేదాకా అదంతా కోతల కాలం. మా అవ్వ, అంటే మా నాయినను కన్న తల్లి, ఒక దొర తోటలో కూలికి పోయేది. బడి లేని రోజున ఆమె కొంగు పట్టుకుని నేనూ పోయేదాన్ని.

ఆ తోట వాసన తల్చుకుంటే పండ్ల వాసన గుర్తుకు రాదు. మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టిన మందు వాసన గుర్తుకొస్తుంది. ఆకులన్నీ నీలంగా బూజు పట్టినట్టు ఉండేవి. పిల్లలం కడగకుండా పుల్లటి కాయలు తెంపి నోట్లో వేసుకునేవాళ్ళం. పెదవులు నీలంగా అయ్యేవి. ఎవరు దొంగతనం చేశారో అడిగే పని లేదు, మూతి చూస్తే చాలు. ఇంతా చేసి కడుపునొప్పితో రాత్రంతా మెలికలు తిరిగేవాళ్ళం. "దొంగబుక్క తిన్నోళ్ళకు దొరే దెబ్బలు గొట్టాల్నా, కడుపే గొడ్తది," అని అవ్వ వాము నమిలించేది.

తోటకు కాపలా ఒక సాయబు. తాటిచెట్టంత మనిషి. నేను నలుపే, మా అవ్వ నలుపే, కానీ ఆయన ముందు మేమిద్దరం తెల్లవాళ్ళం. దగ్గరగా చుట్టుకున్న ఉంగరాల జుట్టు, అందులో అక్కడక్కడా నెరిసిన వెంట్రుకలు. గుత్తులు కోయించే మేస్త్రి "ఏ హబ్షీ!" అని కేకేస్తే, "జీ" అంటూ పెద్ద పెద్ద అంగలతో వచ్చేవాడు. నేను అది ఆయన పేరనుకున్నాను. ఒకనాడు అందరి ముందూ "హబ్షీ తాతా, గుత్తియ్యవా" అని అడిగాను. ఆయన నవ్వి గుత్తి తెంపబోయాడు. వెనక నుంచి అవ్వ వచ్చి నా మూతి మీద ఒక్కటి వేసింది.

"మనిషిని గట్ల పిలుస్తరే? సాయబు తాత అను."

"మేస్త్రి అంటలేడా?"

"మేస్త్రి నన్ను గూడ ఒక మాట అంటడు. నువ్వు నన్ను గట్లనే పిలుస్తవా?"

ఆ మాట ఏదో నాకు తెలుసు. మా వాడలో మేము మేము మాట్లాడుకునేటప్పుడు అది ఉత్త పేరే. "మన మాదిగోళ్ళల్ల గిట్ల జెయ్యరు" అని అవ్వే గొప్పగా చెప్పేది. అదే మాట గట్టు మీద నిలబడి మేస్త్రి అంటే తిట్టు. అక్షరం మారదు, నోరు మారుతుందంతే. హబ్షీ కూడా అంతేనని, అది ఒక దేశం వాళ్ళ పేరు తప్ప తిట్టు కాదని సాయబే నాకు చెప్పాడు. వాళ్ళ తాతల తాతలు సముద్రం అవతల ఆఫ్రికా నుంచి వచ్చి నవాబు దగ్గర గుర్రపు సిపాయిలుగా ఉండేవారట.

"అప్పుడు గా మాటంటే సలాం గొట్టేటోళ్ళు బిడ్డా. ఇప్పుడు గదే మాటంటే నవ్వుతరు," అన్నాడు. తోట మూల చూపించి, "గా దిక్కు రెండు సాళ్ళు నల్ల ద్రాక్ష. దొర ఇంట్లకు గవే వోతయి. పండైతే నలుపు మస్తు ముద్దు. మనిషైతేనే పరేషాన్," అని తన జోకుకు తనే పడీ పడీ నవ్వాడు.

మధ్యాహ్నం అన్నాల వేళ మిగతా కూలీలు మాకు ఎడంగా బాయి దగ్గర కూర్చునేవారు. అవ్వా సాయబూ పండ్లు ప్యాకింగు చేసే కొట్టం కింద కూర్చునేవారు. వీళ్ళ గిన్నెలు ఎవరూ ముట్టరు గనుక ఇవి రెండూ ఒకదాన్నొకటి ముట్టుకునేవి. ఆయన కిచిడీ మీద పుల్లటి ఖట్టా పోసి నా చేతిలో ముద్ద పెట్టేవాడు. అవ్వ సర్వపిండి తుంచి ఆయనకిచ్చేది. "అక్కా, గిండ్ల ఎల్లిపాయ గొంచెం ఎక్కువెయ్యి," అని ఆయన సణిగేవాడు. "నీ పెండ్లాన్నడిగి ఏపిచ్చుకో సాయబూ," అని అవ్వ కసిరేది.

ఆయన వాళ్ళు పెళ్ళిళ్ళలో మర్ఫా వాయించే వాళ్ళు. తిన్నాక ఖాళీ కిరసనాయిలు డబ్బా బోర్లించి వేళ్ళతో దరువు వేసేవాడు. మా ఇంట్లోనూ వాద్యం ఉండేది ఒకప్పుడు. తాత డప్పు కొట్టేవాడు. తాత పోయి, నాయిన బాప్తిస్మం తీసుకున్నాక ఆ డప్పును పొయ్యిలో పెట్టాడు. చర్మం ముడుచుకుపోతూ కాలింది, ఇల్లంతా కమురు వాసన. డప్పు ఇంట్లో ఉన్నంతకాలం ఎవడైనా వాకిట్లో నిలబడి "ఏ మాదిగా, పీనుగున్నది, డప్పు పట్టుకొని రా" అని కేకేస్తాడని నాయిన భయం. అవ్వ అడ్డం చెప్పలేదు. పైగా నన్ను దగ్గరికి లాక్కుని అంది: "గా మాట నాతోనే బొందల వడాలె. నా మనుమరాలి చెవుల వడొద్దు."

అవ్వ బతుకంతా ఆ ఒక్క కోరిక చుట్టే తిరిగింది. నాకు తల నిండా నూనె పెట్టి బిగించి జడ వేసేది, గౌను మీద మరక పడితే కొట్టేది. శుభ్రంగా ఉంటే, బడికి పోతే, ఆదివారం రేకుల చర్చిలో ముందు వరసలో కూర్చుంటే ఆ మాట దానంతటదే రాలిపోతుందని నమ్మింది. నమ్ముతూనే నవ్వేది కూడా. "ఐతారం నాడు దేవుని బిడ్డను, సోమారం పొద్దుగాల మళ్ళ మాదిగ లచ్చువమ్మ లెక్కనే," అనేది. లచ్చువమ్మ ఆమె పేరు కాదు. మేస్త్రి ఆడకూలీలందరికీ పెట్టిన పేరు అది.

డప్పు పోయిందని అవ్వ ఎన్నడూ ఏడవలేదు. కానీ ఒకనాడు సాయబు డబ్బా మీద వాయిస్తుంటే, గుత్తులు కోసే కత్తెర పక్కన పెట్టి, "గట్ల గాదు, ఇటు తే," అని లాక్కుంది. తాత కొట్టే దరువు తన గరుకు వేళ్ళతో వేసి చూపించింది. సాయబు తల ఊపుతూ రెండో డబ్బా తెచ్చుకున్నాడు. ఆయనదొక వరస, ఈమెదొక వరస, రెండూ ఎక్కడో కలిశాయి. నేను ఎగిరాను. మా అవ్వకు పళ్ళు కనిపించేలా నవ్వడం వచ్చునని నాకు ఆనాడే తెలిసింది.

ఆ తోటలో నోటిమాట మీద నడిచే కట్టుబాటు ఒకటి ఉండేది. రాలిన పండ్లు కూలోళ్ళవి. ఈస్టరుకు ముందు అవ్వ ఆ రాలిన పండ్లను ఒడిలో మూటగట్టి మా అయ్యగారమ్మకు, అంటే పాస్టరు భార్యకు, ఇచ్చేది. ఆవిడ ఉడకబెట్టి, వడగట్టి, ప్రభువు సంస్కారానికి రసం తీసేది. రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం. మేము దాన్ని బల్ల అంటాం. ఆ రోజు అవ్వ తెల్లచీర కట్టుకుని, ఆ రసం తన ఒడిలో నుంచే వచ్చిందని అందరికీ తెలిసేలా కొంచెం నిటారుగా కూర్చునేది.

ఆ ఏడు ఈస్టరుకు ముందు ఒక సాయంత్రం దొర కొడుకు స్నేహితులను జీపులో వేసుకుని తోటకు వచ్చాడు. కూలీలు ఇళ్ళకు పోయే వేళ. గేటు దగ్గర ఆడవాళ్ళ ఒడులు చూడడం కాపలావాడి పని. సాయబు ఎన్నడూ అవ్వ ఒడి చూడలేదు, ఆకాశం వైపు చూసి "పో అక్కా" అనేవాడు. ఆనాడు మేస్త్రి జీపు పక్కన నిలబడి, తీయని గొంతుతో అడిగాడు.

"ఏం సాయబూ, గా ముసలామె ఒడి జూస్తలేవు. సుట్టమా?"

దొర కొడుకు స్నేహితులు నవ్వారు. సాయబు ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. అవ్వ వైపు ఒక అడుగు వేశాడు. "అక్కా, ఒక్కసారి ఇప్పు. రాలినయే గదా, సూపెట్టు," అన్నాడు మెల్లగా.

"సూపెట్ట. ఇన్నేండ్ల సంది సూడనోనివి గియ్యాల జూస్తవా? నలుగురిల నన్ను దొంగను జేస్తవా?"

"నౌకరీ వోతది అక్కా."

ఆయన చెయ్యి అవ్వ ఒడి ముడి దాకా వచ్చింది. అవ్వ ఆ చేతిని విసిరి కొట్టింది.

"ముట్టకు! హబ్షోడా! దయ్యం మొఖపోడా!"

ఆయన వెనక్కి జరిగాడు. మేస్త్రి, కూలీలు, జీపులో వాళ్ళు అందరూ ఆయన ఏమంటాడా అని చూస్తున్నారు. ఆయన అన్నాడు.

"మాదిగ బుద్ధి యాడికి వోతది. ఒడిల దొంగతనం, నోట్లె గలీజు."

ముడి ఊడిపోయింది. రాలిన పండ్లు, పగిలినవి, చీమలు పట్టినవి, నేల మీద దొర్లాయి. కోసిన గుత్తి ఒక్కటీ లేదు. దొర కొడుకు, "ఇద్దరికిద్దరు సరివోయిన్రు," అని జీపు స్టార్టు చేశాడు. ఆనాడు మేస్త్రి ఒక్క తిట్టూ తిట్టలేదు. తిట్టే పని ఆయనకు పడలేదు. పై నుంచి పడిన మాటలను వీళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి లోపల దాచుకుని, చివరికి ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. ఆ సాయంత్రం నాకు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు.

మర్నాడు పొద్దున్నే సాయబు మా వాకిట్లోకి వచ్చాడు. తువ్వాలలో ద్రాక్ష మూట. మా వాడలోకి ఆయన రావడం అదే మొదలు. అవ్వ లోపల గోడకు ఆనుకుని, "లేదని చెప్పు," అంది నాతో.

"అవ్వ లేదు తాతా."

గోడ అవతల గాజుల చప్పుడు ఆయనకూ వినిపించింది. "సర్చికని తెచ్చిన బిడ్డా. గా మాట నా నోట్లెకెల్లి ఎట్లొచ్చిందో అక్కకు చెప్పు... ఎట్లొచ్చిందో నాకే తెల్వదని చెప్పు," అన్నాడు. మూట గడప మీద పెట్టబోయి, ఏమనుకున్నాడో మళ్ళీ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"పోయిండా?" అని అవ్వ బయటికి వచ్చింది. "నోట్లెకెల్లి రాలే, కడుపులకెల్లి వచ్చింది. నాది గూడ గంతే," అని కూర్చుని ఏడ్చింది.

ఈస్టరు ఆదివారం చర్చిలో బల్ల పళ్ళెం ముందు వరసకు వచ్చింది. మనసులో ఒకరి మీద కోపం పెట్టుకుని బల్ల ముట్టొద్దని మా దగ్గర నియమం. సమాధానపడి రావాలి. అవ్వ పళ్ళేన్ని పక్కామెకు జరిపింది. అయ్యగారు ఆగి చూశాడు. "నాకు సమాధానం గాలేదయ్యా," అంది. నెలనెలా అదే. తెల్లచీర కట్టుకునేది, ముందు వరసలో కూర్చునేది, పళ్ళెం వస్తే జరిపేది. నిటారుగా కూర్చోవడం మాత్రం పోయింది. తోటలో కోతలు అయ్యేదాకా ఇద్దరూ చెరో సాలులో నడిచారు. డబ్బా మీద దరువు మళ్ళీ నేను వినలేదు.

"ఇంత కుములుడెందుకే, నువ్వే వోయి ఒక మాట మాట్లాడు," అని నాయిన ఒకనాడు విసుక్కున్నాడు.

"ఏమని పిలవాలెరా?" అంది అవ్వ. "సాయబూ అని పిలిస్తె గా మాట యాదికి రాదా ఆయనకు? అంత మాట అన్నంక పేరు వెట్టి పిలవాలె. ఆయన పేరేందో నాకు తెల్వదు. ఇన్నేండ్లు నా సేతి సర్వపిండి తిన్నడు, పేరేందని అడగలే. ఆయన గూడ నన్ను అడగలే."

నాయిన తువ్వాల దులిపి భుజాన వేసుకుని బయటికి పోయాడు.

తర్వాత బాయి ఎండింది. కాయకు రోగమొచ్చింది. ఆ పైన భూమికి ధర వచ్చింది. దొర తీగెలు పీకించి ప్లాట్లు చేశాడు. సాయబు ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. పట్నంలో వాళ్ళ వాళ్ళుండే బస్తీకి పోయి చూడమని అవ్వ నాయినను పోరింది. నాయిన పోయి సాయంత్రానికి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. "ఏమని అడగాలెనే? నల్లగ, ఎత్తుగ ఉంటడని అడిగితె, ఆడ కూసున్న పిలగాండ్లు కొట్టనీకొచ్చిన్రు," అన్నాడు.

అవ్వ పోయే ముందు అయ్యగారు మంచం దగ్గరికి బల్ల తెచ్చాడు. మూసిన కళ్ళతోనే అవ్వ తల గోడ వైపు తిప్పుకుంది. చర్చి వెనక బొందలో మేము అవ్వను పెట్టాం. ఆ మాట మాత్రం అవ్వతో పోలేదు. బడిలో నా వెంట వచ్చింది, నౌకరీలో నా వెనక గుసగుసగా వచ్చింది. ఇప్పుడు అవ్వకు రాని భాషలో మా మనవరాలి దాకా వచ్చింది.

కాళ్ళు కడుక్కుని, బిస్కెట్టు నములుతూ మనవరాలు బాల్కనీలోకి వచ్చింది.

"వాడు గట్ల అంటే నువ్వేమన్నవే?" అని అడిగాను.

"నేనూకుంటనా? చింకీ అన్న. చిన్న కండ్ల చింకీ అన్న. క్లాసంత నవ్విన్రు. వాడు ఏడ్సి వెనక బెంచికి వోయిండు." గొప్పగా మొదలుపెట్టి, చివరికి వచ్చేసరికి గొంతు తగ్గించింది. "రేపు మళ్ళ నా పక్కకు వస్తడా అమ్మమ్మా?"

"పేరు వెట్టి పిలువు బిడ్డా. నీకు వాని పేరు తెలుసు గదా."

"పిలిస్తె పలుకుతడా?"

పలుకుతాడని నోటి చివర దాకా వచ్చింది. గోడ అవతల గాజుల చప్పుడు గుర్తొచ్చి ఆగిపోయాను.

"సరే గని, చమార్ అంటే ఏందో చెప్తనన్నవు."

"తోలుపని చేసేటోళ్ళు. చెప్పులు కుడతరు, డప్పులు కడతరు. ఒక కులపోళ్ళ పేరు."

"ఛీ. మనకు తెలిసినోళ్ళల్ల ఎవరన్న ఉన్నరా?" అని ముక్కు ముడిచింది.

వాళ్ళమ్మ చెప్పొద్దన్న సంగతి గుర్తుంది. ఆ ముడిచిన ముక్కు చూశాక దాచబుద్ధి కాలేదు.

"ఉన్నరు. మా అవ్వ. నేను. మీ అమ్మ."

పిల్ల బిస్కెట్టు నమలడం ఆపింది. నా ముఖం చూసింది, తన చేతులు చూసుకుంది. అడిగింది.

"అంటే వాడు నన్ను తిట్టలేదా అమ్మమ్మా? నిజమే అన్నడా?"

గాలి జవహర్‌నగర్ వైపు నుంచి తిరిగింది. చుట్టూ కిటికీలు మూసుకుంటున్న చప్పుడు. అవ్వ అడిగిన దానికి ఆనాడు నాయిన దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళు గడిచాయి, చదువుకున్నాను, నౌకరీ చేశాను. దీనికి నా దగ్గరా జవాబు లేదు.